సైటులో ఉన్న నాన్న

మా పక్కింట్లో బట్టలారేసే తీగ మీద మూడు వారాలకోసారి ఒక నారింజ రంగు చొక్కా వేలాడుతుంది. చేతులకీ నడుముకీ వెండిపట్టీలు కుట్టిన చొక్కా, గనుల్లో పనిచేసేవాళ్ళు వేసుకునేది. దాన్ని లీల శ్రద్ధగా ఉతుకుతుంది, దులుపుతుంది, వీధిలో పోయేవాళ్ళకి కూడా కనబడేటట్టు పక్క గేటు దగ్గరే ఆరేస్తుంది. ఆ చొక్కాతో ఇంతవరకు ఎవరూ పనికి వెళ్ళలేదు. గనులుండే పిల్బారా ఎర్రమట్టి ఒక్కసారి గుడ్డకి పట్టిందంటే ఏ సబ్బుకీ లొంగదని ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. లీల ఉతికే చొక్కా మాత్రం ఆరేళ్ళుగా కొట్టులోంచి ఇప్పుడే తెచ్చినట్టు మెరుస్తూనే ఉంది.

ఆ చొక్కా గలాయన యోగానంద్. పెర్త్ శివార్లలో మా పియారా వాటర్స్ తెలుగువాళ్ళకి తెలిసినంతవరకు అతను ఉత్తరాన ఏదో ఇనుపగనిలో ట్రాన్స్‌పోర్ట్ ఆపరేషన్స్ మేనేజర్. రెండు వారాలు అక్కడ, వారం ఇక్కడ. విమానంలో వెళ్ళడం, విమానంలో రావడం. పెర్త్‌లో ఎన్నో సంసారాలు ఇలాగే నడుస్తాయి, దానికి ఫైఫో అని ముద్దుపేరు కూడా ఉంది. అందుకే పాపం అతను ఉగాదికి రాలేడు, వినాయకచవితికి రాలేడు, ఎవరి గృహప్రవేశానికీ రాలేడు. లీల ఒక్కతే కూతురు రుచితను వెంటబెట్టుకుని వస్తుంది. "ఆయన సైటులో ఉన్నారండీ" అంటుంది. అనేముందు చిన్న నిట్టూర్పు ఒకటి.

నిజానికి యోగానంద్ డ్రైవరు. పెళ్ళిళ్ళకీ ఎయిర్‌పోర్టులకీ ఖరీదైన కార్లు అద్దెకిచ్చే ఒక కంపెనీలో సూటు వేసుకుని కారు నడుపుతాడు. శనాదివారాలే అతనికి పని ఎక్కువ. మన పండగ సంబరాలన్నీ శనాదివారాల్లోనే కాబట్టి సైటు కథ చక్కగా అతికింది.

నాకు ఈ సంగతి తెలిసి మూడేళ్ళయింది. తణుకు నుంచి తిరిగొచ్చి, పెట్టెలు తోసుకుంటూ ఎయిర్‌పోర్టులోంచి బయటికి వస్తున్నాను. నల్లసూటు, నల్లటై, చేతిలో పేరు రాసిన బోర్డు పట్టుకుని ఎదురుగా యోగానంద్. నన్ను చూడగానే బోర్డు మొహానికి అడ్డం పెట్టేసుకున్నాడు. బోర్డు మీద మిస్టర్ హారిసన్ అని ఉంది.

"ఏవయ్యా హారిసన్, బాగున్నావా?" అన్నాను.

బోర్డు కిందకి దిగింది. "అక్కా, మీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకండక్కా. లీల ఉరేసుకుంటుంది" అన్నాడు.

ఉరేసుకోవలసిన నేరం అతనేం చేశాడో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాలేదు. కానీ మాటిచ్చాను. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను కూడా. అదేం గొప్ప కాదు. ఆ మాట ఎందుకిచ్చానా అని ఈ మార్చి నెలనుంచి నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

నా పేరు శేషుకుమారి. నేను వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తాను, పక్కలు మారుస్తాను, ఖాళీ దొరికితే ఇంట్లో జాకెట్లు కుడతాను. ఈ మాట ఏ విందులోనైనా గట్టిగానే చెబుతాను. చెప్పిన ప్రతిసారీ పక్కనున్నవాళ్ళు "ఓ, హెల్త్ సెక్టారా!" అని వాళ్ళే సర్దేస్తారు. మనవాళ్ళ దగ్గర ఈ సర్దుబాటు విద్య అపారం. గోదాములో డబ్బాలు మోసేవాడు సప్లై చైన్‌లో ఉంటాడు. పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ చేసే కుర్రాడు రిటైల్ ఎనర్జీ. స్కూల్లో గదులు ఊడ్చే దంపతులు ఎడ్యుకేషన్. ఊరంతా ఒకరి చెవిలో ఒకరు పువ్వులు పెట్టుకుని తిరుగుతున్నారు. పువ్వులున్నాయని అందరికీ తెలుసు. ఎవరూ తియ్యరు.

యోగానంద్‌ది కాకినాడ. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టరుగా చేసి వీసా మీద ఇక్కడికొచ్చాడు. వచ్చిన రెండేళ్ళకి ఆ ప్రాజెక్టు మూసేశారు. తొమ్మిది నెలలు ఇంట్లో కూర్చుని, తరవాత టాక్సీ తిప్పి, అక్కణ్ణుంచి ఈ కంపెనీలో చేరాడు. ఇక్కడ ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. టెస్టరుగా ఎలా చేశాడో నాకు తెలియదు కానీ డ్రైవరుగా అతనికి పేరు పెట్టక్కర్లేదు. నాకు కాలు బెణికినప్పుడు వారం రోజులు తన సొంత కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. తలుపు తీసి, నా తల పైన తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. స్పీడు బ్రేకరు వచ్చిందని నాకు తెలిసేది కాదు. ఎక్కడికైనా పావుగంట ముందే వెళ్ళి, పక్కవీధిలో ఆగి, టైముకి సరిగ్గా గుమ్మం ముందు నిలిపేవాడు. వాళ్ళ కంపెనీలో కస్టమర్లు ఆండీ కావాలని అడిగి మరీ బుక్ చేసుకుంటారట. ఆండీ అంటే ఇతనే, ఆనంద్ అరిగిపోయి ఆండీ అయ్యాడు. మనిషికి జీవితంలో బాగా వచ్చిన పని ఒకటుంటే, దాన్నే దొంగసొత్తులా దాచుకునే వెర్రివాణ్ణి నేను ఇతన్నే చూశాను.

ఇక రుచిత సంగతి. పన్నెండో తరగతి. ఇక్కడ పన్నెండో తరగతి పిల్లలకి స్కూలువాళ్ళు ఏటా ఒక సాయంత్రం పెద్ద హోటల్లో విందూ డాన్సూ పెడతారు. దాన్ని బాల్ అంటారు. మొదటిసారి విన్నప్పుడు నేను క్రికెట్ అనుకున్నాను. ఆటేమీ లేదు. ఆడపిల్లలు నేలమీద జీరాడే గౌన్లు, మగపిల్లలు సూట్లు వేసుకుంటారు, హోటలు ముందు పరిచిన తివాచీ మీద పొడవాటి కార్లలోంచి దిగుతారు. ఏ కారులోంచి దిగారన్నది చాలా ముఖ్యం. పిల్లలకి అంత ముఖ్యమో కాదో నాకు తెలియదు, తల్లిదండ్రులకి మాత్రం ప్రాణం.

రుచిత స్నేహితురాలు సింధుజ. ఆ పిల్ల తండ్రి కేశవరావుగారు, కానింగ్ వేల్‌లో రెండంతస్తుల ఇల్లు, ఇరవై ఏళ్ళుగా ఒక మైనింగ్ కంపెనీ ఆఫీసులో ఇంజినీరు. గుంటూరువారు. ఆయన మాట్లాడుతుంటే మనం వినాలి, మనం మాట్లాడుతుంటే ఆయన ఫోన్ చూసుకుంటారు. బాల్‌కి కలిసి వెళ్ళే ఆరుగురు పిల్లలకీ ఒక తెల్ల లిమోజీన్ తానే మాట్లాడతానని ఆయన ముందుకొచ్చారు. పోయినేడాది ఎవరో వంశీధర్‌గారి అబ్బాయి జీపులాంటి పెద్ద బండిలో వెళ్ళాడట, ఆ ఫోటోలు వాట్సాప్‌లో ఇంకా తిరుగుతున్నాయట. దానికి జవాబు ఈ లిమోజీన్.

ఆ బుకింగ్ ఎలా జరిగిందో కేశవరావుగారే శివరాత్రి భజనలో నలుగురికీ వినిపించారు. "నేను ఫోన్లో క్లియర్‌గా చెప్పా. కారు వైట్ ఉండాల, డ్రైవరుకి టోపీ ఉండాల, చేతులకి గ్లోవ్స్ ఉండాల. ఇంకోటి కూడా చెప్పా, డ్రైవరు కూడా తెల్లోడైతే ఫోటోల్లో లుక్ వస్తది అని. ఫోనెత్తిన పిల్లేందో, సారీ సార్, వి కాంట్ డూ దట్ అనింది. రేసిజం అంట! మనం మనోళ్ళని వద్దంటే రేసిజం ఎట్టా అయితదయ్యా?"

అందరూ నవ్వారు. లీల కూడా నవ్వింది. నేను ప్రసాదం గిన్నె కింద పెట్టేసి బయటికొచ్చాను.

ఆ లిమోజీన్ యోగానంద్ పనిచేసే కంపెనీదే. శనివారం సాయంత్రం పని, కానింగ్ వేల్‌లో ఎక్కించుకోవాలి, ఆరుగురు పిల్లలు, సిటీలో హోటలు. పేరు, అడ్రసు చూడగానే యోగానంద్‌కి అర్థమైంది. ఆ పని ఇంకో డ్రైవరుకి ఇచ్చెయ్యవచ్చు. ఒక్క ఫోన్‌తో అయిపోయేది. ఇవ్వలేదు.

నాకిది రుచిత చెప్పింది. గురువారం స్కూలు కాగానే గౌను కింది అంచు మడత వేయించుకోవడానికి వచ్చింది. ముదురాకుపచ్చ గౌను. నేను నేలమీద కూర్చుని గుండుసూదులు పెడుతున్నాను, అది స్టూలు మీద నిలబడి ఉంది. రుచితకి మనం అన్న ప్రతి మాటా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. "ఆంటీ, గెస్ వాట్, డాడ్ ఈజ్ డ్రైవింగ్ అస్!" అంది. దాని మొహం వెలిగిపోతోంది.

ఆ పిల్ల అప్పటికే అంతా ఊహించుకుంది. హోటలు ముందు కారాగుతుంది. నాన్న టోపీతో, గ్లోవ్స్‌తో వచ్చి తలుపు తీస్తాడు. అందరూ చూస్తుండగా తను దిగి, నాన్న చెయ్యి పట్టుకుని, "దిస్ ఈజ్ మై డాడ్" అంటుంది. వాళ్ళ క్లాసులో జాష్ అనేవాడి నాన్న ఐస్‌క్రీమ్ వ్యాను నడుపుతాడట, స్కూలు మొత్తానికి ఆయనే హీరో అట. లిమోజీన్ నడిపే నాన్నంటే ఇంకేం కావాలి? అలా చెప్పుకుంటూ పోయి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"బట్ హీ సెడ్ నో."

ఏమన్నాడమ్మా అని అడిగాను. తనను చూసినా తెలియనట్టే ఉండాలన్నాడట. ఎవరైనా నాన్నేరీ అంటే సైటులో ఉన్నారని చెప్పాలట. రోజూ చెప్పేదే కదా అన్నాడట. "ఆంటీ, కెన్ యూ టాక్ టు హిమ్? జస్ట్ దిస్ వన్స్" అంది. దానికి కావలసింది అంతే. ఒక్క సాయంత్రం, నలుగురిలో, ఈయన మా నాన్న అనడానికి అనుమతి.

మర్నాడు యోగానంద్ తన డ్రైవ్‌వేలో బూట్లు పాలిష్ చేసుకుంటుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఏవయ్యా, ఆ పిల్ల అడిగిందాంట్లో తప్పేవుంది?"

"తప్పని కాదక్కా. కేశవరావుగారిల్లు కదా. ఈ రోజు తెలిస్తే రేపటికి ఊరంతా తెలిసిపోద్ది. లీల ఎలా తలెత్తుకుంటాదండి?"

"డ్రైవరు పెళ్ళానికి మెడ ఉండదా ఏవిటి?"

"మీకేం అక్కా, మీరు ఒంటరి మనిషి, ఏదైనా అనేస్తారు. రేపు పిల్లకి సంబంధాలు చూడాలి. తండ్రేం చేస్తాడంటే ఏం చెప్పమంటారు?"

పిల్లకి పదిహేడేళ్ళు. యూనివర్సిటీకి వెళ్ళి ఫిజియోథెరపీ చదువుతానంటోంది. ఈయన అప్పుడే పెళ్ళివారికి సంజాయిషీ రాసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అంత పరువైతే ఆ పని ఇంకెవడికైనా ఇచ్చెయ్యి. నువ్వు వెళ్ళకు."

యోగానంద్ బ్రష్ ఆపాడు. "అదెలాగక్కా? నా కూతురు మొదటిసారి అంత కారెక్కుతుంటే, తలుపు ఇంకెవడో తీస్తాడా?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

ఇంకొకరైతే ఆ నీళ్ళకి కరిగిపోదురు. నాకు మాత్రం అసహ్యం వేసింది. తండ్రిగా ముచ్చట తీరాలి, తండ్రినని తెలియకూడదు. రెండూ కావాలి మహారాజుకి. ఆ రెంటికీ మధ్య నలిగేది ఎవరో అడగడానికి నోరు తెరిచాను. లీల లోపల్నుంచి వచ్చి, "అక్కా, టీ తాగుతారా?" అంది. ఆ గొంతులో మర్యాదతో పాటు చిన్న హెచ్చరిక ఉంది. తాగనని వచ్చేశాను.

శనివారం సాయంత్రం కానింగ్ వేల్‌లో కేశవరావుగారింటి ముందు చిన్న పెళ్ళి జరుగుతున్నట్టే ఉంది. మార్చి వచ్చినా ఇక్కడ వేసవి ఇంకా పోలేదు, అయిదు గంటలకి కూడా ఎండ చురుక్కుమంటోంది. సింధుజ, రుచిత కాక ఒక వియత్నాం పిల్ల, ఒక పంజాబీ కుర్రాడు, ఇద్దరు తెల్లపిల్లలు, వాళ్ళ తల్లులూ తండ్రులూ. గౌను అంచు ఎక్కడైనా ఊడితే వేస్తానని లీల నన్ను కూడా రమ్మంది. సూదీ దారం పర్సులో పెట్టుకుని వెళ్ళాను.

అయిదున్నరకి సరిగ్గా లిమోజీన్ వచ్చి ఆగింది. యోగానంద్ దిగాడు. టోపీ, తెల్ల గ్లోవ్స్, నల్ల కళ్ళద్దాలు. కేశవరావుగారు అతన్ని అంతకుముందెప్పుడూ చూడలేదు. లీల వాట్సాప్ బొమ్మలో చూసుంటారు కానీ అందులో హెల్మెట్టూ అదే నారింజ చొక్కానూ. అయినా డ్రైవరు మొహం ఎవడు చూస్తాడు? ఆయన కారు చూశారు, టోపీ చూశారు, గ్లోవ్స్ లెక్కపెట్టుకున్నారు. చివరికి రంగు చూశారు. "ప్చ్, ఇండియనే తగిలాడు" అని నా చెవిలో అన్నారు.

"గుడ్ ఈవెనింగ్ సర్. ఐయామ్ ఆండీ" అన్నాడు యోగానంద్. అన్నవాడు కూతురి వంక చూడనైనా చూడలేదు. పాపం ఆ పిల్ల అతన్నే చూస్తోంది.

కేశవరావుగారి భార్య కౌసల్య నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టింది. అద్దెకారుకి నిమ్మకాయలేమిటని తెల్లపిల్లల్లో ఒకరి తల్లి అడిగితే అది హిందూ సేఫ్టీ అని కేశవరావుగారు చెప్పారు. ఆ తరవాత కౌసల్య హారతిపళ్ళెం తెచ్చింది. కారుకి మూడుసార్లు తిప్పింది. పిల్లల ముందు తిప్పింది, పిల్లలు ఏం చెయ్యాలో తెలియక నవ్వారు. సింధుజ ఫోన్లో ఏదో టైపు చేసుకుంటోంది. కౌసల్య పళ్ళెం పట్టుకుని పెద్దవాళ్ళ వైపు వస్తూ డ్రైవరు ముందునుంచి నడిచింది. అతనికి ఇవ్వాలని కాదు, దారిలో అతనున్నాడు, అంతే.

అప్పుడు యోగానంద్ చేతులు రెండూ వాటంతటవే లేచాయి. గబుక్కున గ్లోవ్స్ లాగేసి, మంట మీద అరచేతులు చాపి, కళ్ళద్దాలు పైకి తోసి కళ్ళకద్దుకున్నాడు. అబద్ధం ఆడటం ఆరేళ్ళుగా మనిషి నేర్చుకున్నాడు, చేతులు మాత్రం నేర్చుకోలేదు.

అందరూ ఆగిపోయారు. లీల నా మణికట్టు పట్టుకుంది. దాని గోళ్ళు నా చర్మంలోకి దిగాయి.

"ఏందీ!" అన్నారు కేశవరావుగారు. "నువ్వు మనోడివా? తెలుగా?"

రుచిత ఒక అడుగు ముందుకేసింది. మొహం మళ్ళీ వెలిగింది. "యాక్చువల్లీ అంకుల్, హీ ఈజ్..."

"ఫిజీ, సర్" అన్నాడు యోగానంద్. "ఫ్రమ్ ఫిజీ. మై గ్రాండ్‌మదర్ యూజ్డ్ టు డూ దిస్." అని వెంటనే రుచిత వైపు తిరిగి, "వి ఆర్ రన్నింగ్ లేట్, మిస్" అన్నాడు.

కూతుర్ని మిస్ అన్నాడు. రుచిత నోరు అలాగే తెరుచుకుని ఉండి, మెల్లిగా మూసుకుంది.

కేశవరావుగారు మహా సంబరపడ్డారు. ఫిజీకి భారతీయులు చెరకు తోటల్లో పనికి ఎలా వెళ్ళారో, నూటయాభై ఏళ్ళయినా హారతి ఎలా మరిచిపోలేదో తెల్లవాళ్ళకి అక్కడికక్కడే ఉపన్యాసం ఇచ్చారు. కౌసల్య అయితే కూతుర్ని ఫోన్ దించమని గదమాయించి, "చూసి నేర్చుకోండే! ఎక్కడో ఫిజీలో పుట్టిన డ్రైవరుకున్నపాటి భక్తి మీకు లేదు" అంది. రుచిత కూడా ఆ మాట వింది. నేనూ విన్నాను. నేనొక్క మాట అంటే చాలు, ఆ నాటకం అక్కడే కూలిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది. లీల గోళ్ళు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. అంత పెద్ద నోరున్న శేషుకుమారి ఏమీ అనలేదు.

తరవాత ఫోటోలు. ఒక్కొక్క పిల్లా తల్లిదండ్రుల మధ్య నిలబడాలి, వెనక కారు కనబడాలి. ఫోటోలు తియ్యడానికి కేశవరావుగారు తన ఫోన్ డ్రైవరు చేతికిచ్చారు. సింధుజ అయింది, పంజాబీ కుర్రాడయ్యాడు, మిగతావాళ్ళయ్యారు. రుచిత వంతొచ్చింది. ఎడమపక్క లీల నిలబడింది. కుడిపక్క ఖాళీ.

"అయ్యో, వాళ్ళ నాన్న సైటులో ఉన్నాడు కదా" అన్నారు కేశవరావుగారు. "ఏం పర్లేదమ్మా, నేనున్నా. నేను మాత్రం నీకు ఫాదర్ కానా?" అని వెళ్ళి ఆ ఖాళీలో నిలబడి, రుచిత భుజం మీద చెయ్యి వేశారు.

యోగానంద్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. "వన్, టూ, త్రీ. స్మైల్ ప్లీజ్, మిస్" అన్నాడు. రుచిత నవ్వింది. ఫోటో చాలా బాగా వచ్చిందని అందరూ అన్నారు. బాగానే వచ్చింది, నేనూ చూశాను.

కారు నిమ్మకాయల మీదుగా మెల్లిగా కదిలి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికల్లా యోగానంద్ మా గుమ్మంలో ఉన్నాడు. చేతిలో పూతరేకులు. నోరు మెదపనందుకు లంచం అని తెలుస్తూనే ఉంది. కూర్చోమన్నాను కాబట్టి కూర్చున్నాడు. మనిషి పరీక్ష పాసయినవాడిలా ఉన్నాడు.

"రుచిత ఎంత తెలివైందో చూశారా అక్కా!" అన్నాడు. "కార్లో పిల్లలందరూ నాతో జోకులేస్తున్నారండి. ఆండీ, యూ ఆర్ ఎ లెజెండ్ అని, పాటలు పెట్టమని. ఇది మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చుంది. ఎక్కడా బయటపడలేదు. హోటల్ దగ్గర అందరికంటే ఆఖర్న దిగింది. నేను తలుపు పట్టుకున్నాను. ఎవరూ వినకుండా, జాగ్రత్తమ్మా బంగారం అన్నాను. అప్పుడేవందో తెలుసాండి?"

"ఏవంది?"

"థాంక్యూ డ్రైవర్, అంది! పక్కన ఫ్రెండు ఉంది కదాని. నా మొహం చూసి, థాంక్యూ డ్రైవర్ అని, తివాచీ మీద తిన్నగా నడిచి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదక్కా. నేనే అంత బాగా చెయ్యలేకపోయాను, హారతి దగ్గర తడబడ్డాను. అది మాత్రం నా పరువు నిలబెట్టింది."

నేను అతని మొహంలోకి చూశాను. వేళాకోళం కాదు. నిజంగానే గర్వపడుతున్నాడు. కన్నకూతురు డ్రైవర్ అని పిలిచి వెళ్ళిపోతే తెలివి అని మురిసిపోయే తండ్రికి ఏ భాషలో చెబితే అర్థమవుతుందో నాకు తెలియలేదు.

"ఇంటికొచ్చాక ఏవంది?" అని అడిగాను.

"ఏవీ లేదండి. వాళ్ళ ఫ్రెండు వాళ్ళమ్మ దింపింది. వచ్చి పడుకుంది. పొద్దున్నుంచి మాట్లాడలేదు. అలిసిపోయుంటాదిలెండి, డాన్సులు చేసి."

"అలిసిపోలేదయ్యా. నువ్వు చెప్పిన పాఠం ఒప్పజెప్పింది. ఇంక తప్పులు రావు చూడు" అన్నాను.

నవ్వాడు. మెచ్చుకున్నాననుకున్నాడు. పూతరేకులు నేను తినలేదు, డ్యూటీకి పట్టుకెళ్ళి మా ముసలివాళ్ళకి పెట్టాను. వాళ్ళు కాగితమేమో అనుకుని విప్పడానికి చూశారు.

సోమవారం పొద్దున్న చెత్తడబ్బాలు రోడ్డు మీద పెడదామని బయటికొచ్చాను. పక్కింటి డ్రైవ్‌వేలో వాళ్ళ పాత కరోలా స్టార్టయి ఉంది. సోమవారాలు యోగానంద్‌కి సెలవు, కూతుర్ని స్కూల్లో అతనే దింపుతాడు. ఇంటి చొక్కా, లుంగీ మీదే స్టీరింగు ముందు కూర్చుని, చెయ్యి చాపి పక్కసీటు తలుపు లోపల్నుంచి తెరిచి పట్టుకున్నాడు. ఆ సీటు మీదున్న పేపర్లు వెనక్కి పడేశాడు.

రుచిత బ్యాగు వేసుకుని బయటికొచ్చింది. నన్ను చూసి, "మార్నింగ్ ఆంటీ" అంది. కారు చుట్టూ తిరిగి వెళ్ళి, వెనక తలుపు తీసుకుని, వెనకసీట్లో కూర్చుంది. ఆ పేపర్లు పక్కకి జరిపి, బెల్టు పెట్టుకుని, ఫోన్ తీసింది.

యోగానంద్ వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. అది తల ఎత్తలేదు. అతను ముందు తలుపు అలాగే పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. వీధిలో స్కూలు పిల్లలు సైకిళ్ళ మీద పోతున్నారు. అతను నా వైపు చూశాడు. ఆదివారం నాటి మొహం కాదది. నేను ఏదైనా అంటానేమో అనుకున్నట్టున్నాడు. నేను డబ్బా మూత సరిచేసుకుంటూ నిలబడ్డాను.

చివరికి తలుపు లాగి వేసేసుకున్నాడు. అద్దం కొంచెం కిందికి తిప్పుకున్నాడు, వెనక కూర్చున్నవాళ్ళు కనబడేలా. వీధి చివర స్పీడు బ్రేకరు దగ్గర, అలవాటు కదా, ఆ పిల్లకి కుదుపు తెలియకుండా చాలా మెత్తగా దాటించాడు.